మోటార్‌సైకిల్‌కు విడిగా టాకోమీటర్ బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరును విడిగా కొని బండికి పెట్టుకోవాలనుకొనేవారికి ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటికి సమాధానాలను పని జరిగే వరుసలోనే ఇక్కడ కూర్చడమైనది. దేనికది విడిగా చదువుకొనేలా రాసినందువల్ల కొన్ని జాగ్రత్తలు ఒకటికి రెండుసార్లు కనిపిస్తాయి. మీటరును బిగించడం సులువే. పవర్, ఎర్త్ వైర్లు కూడా పెద్ద చిక్కు కావు. వచ్చే ఇబ్బందులలో ఎక్కువ భాగం సిగ్నల్ వైరు దగ్గరే పుడతాయి కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇవ్వవలసి వచ్చింది.

## కొనే ముందు

నా బండికి టాకోమీటర్ నిజంగా అవసరమా?

రోజువారీ ప్రయాణానికి తప్పనిసరి కాదు. గేరు ఎప్పుడు మార్చాలో చాలామందికి ఇంజిన్ చప్పుడే చెబుతుంది. అయితే కార్బురేటర్ బండికి ఐడిల్ (యాక్సిలరేటర్ తిప్పనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) సరిచేసేటప్పుడు, కొత్తగా బోరు చేయించిన ఇంజిన్‌ను పరిమిత వేగంలో నడపవలసినప్పుడు, సైలెన్సర్ మార్చినందువల్ల పాత చప్పుడు గుర్తులు పనికిరాకుండా పోయినప్పుడు అది బాగా ఉపయోగపడుతుంది. ఒక అపోహ మాత్రం వదులుకోవాలి: టాకోమీటర్ ఇంజిన్ వేగాన్ని చూపుతుందే తప్ప హద్దు దాటకుండా ఆపదు.

కేబుల్‌తో నడిచేది కొనాలా, ఎలక్ట్రానిక్ మీటరు కొనాలా?

కేబుల్ మీటరు నడవాలంటే ఇంజిన్‌లోనే దానికి గేరు ఏర్పాటు ఉండాలి. అది సాధారణంగా క్యామ్‌షాఫ్ట్ చివర గానీ క్రాంక్‌కేసు పక్కన గానీ ఉంటుంది. ఆ ఏర్పాటు లేని ఇంజిన్‌కు కొత్తగా కల్పించడం ఇంటి దగ్గర అయ్యే పని కాదు. ఏర్పాటు ఉన్నా ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే కేబుల్ ఒక చుట్టు తిరుగుతుందన్న నిష్పత్తి బండిని బట్టి మారుతుంది. మరో బండి మీటరును తెచ్చి పెడితే కేబుల్ చక్కగా అమరినా అంకె తప్పుగా చూపవచ్చు, దాన్ని సరిచేసే స్క్రూ ఏదీ ఉండదు. పాత బండిని అసలు రూపంలో నిలబెట్టాలనే పట్టుదల ఉంటే తప్ప ఎలక్ట్రానిక్ మీటరే మేలు.

పెట్టె మీద 12 వోల్టులు అని మాత్రమే ఉంది. అది ఏ బండికైనా పనిచేస్తుందా?

పనిచేయకపోవచ్చు. మూడు సంగతులు కుదరాలి: బండిలో 12 వోల్టుల డీసీ ఉండాలి, బండి ఇగ్నిషన్ రకానికి మీటరు సరిపడాలి, ఇంజిన్ ఒక చుట్టుకు వచ్చే పల్సుల (స్పార్క్ పడినప్పుడల్లా పుట్టే విద్యుత్ తాకిడుల) సంఖ్యను మీటరులో మార్చుకొనే వీలుండాలి. చవక మీటర్లలో ఈ మూడో వీలు తరచుగా ఉండదు. పాత 6 వోల్టుల బండికి, బ్యాటరీ లేకుండా నడిచే బండికి ఈ మీటరు నేరుగా కుదరదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అది 15 దాటుతుంటే రెగ్యులేటర్ పాడైందని అర్థం. ముందు దాన్ని బాగుచేయించకపోతే కొత్త మీటరు కూడా ఎక్కువ కాలం నిలవదు.

నా బండిలో ఉన్నది సీడీఐనా, టీసీఐనా? ఎలా తెలుసుకోవాలి?

రెండూ ఇగ్నిషన్ కాయిల్‌తో స్పార్క్ పుట్టించే పద్ధతులే: సీడీఐ కెపాసిటర్‌లో నింపిన కరెంటును కాయిల్‌లోకి వదులుతుంది, టీసీఐ కాయిల్‌లో పారే కరెంటును ట్రాన్సిస్టర్‌తో తెంచుతుంది. ఆ పని చేసే ఎలక్ట్రానిక్ పెట్టెనే ఇక్కడ బాక్సు అంటున్నాం. అన్నిటికంటే నమ్మదగినది సర్వీస్ మాన్యువల్‌లోని వైరింగ్ పటం. అది దొరకకపోతే ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే సన్నని వైర్లను గమనించాలి. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, మల్టీమీటర్‌ను డీసీ వోల్టులలో పెట్టి ఆ వైర్లను ఒక్కొక్కటిగా ఎర్త్‌తో పోల్చి కొలవండి. కాయిల్‌కు బ్యాటరీ వోల్టేజీ అందుతుంటే అది టీసీఐ లేదా పాత పాయింట్ల పద్ధతి. ఇంజెక్షన్ బండ్లలో కొన్నిటికి కీ తిప్పిన కొద్ది సెకన్లు మాత్రమే ఆ వోల్టేజీ ఉంటుంది కాబట్టి తొందరగా చూడాలి. కాయిల్ ఒక కొన ఎర్త్‌కు, రెండోది నేరుగా బాక్సుకు వెళ్తూ, ఎక్కడా నిలకడగా 12 వోల్టులు కనిపించకపోతే అది సీడీఐ. సీడీఐ బాక్సుకు బ్యాటరీ కరెంటు వచ్చే రకం కూడా ఉంది, కాబట్టి బాక్సు దగ్గర 12 వోల్టులు చూసి టీసీఐ అని నిర్ణయించకూడదు. కొలవవలసింది కాయిల్ దగ్గర. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం ఈ కొలత తీయవద్దు. అప్పుడు అక్కడ వందల వోల్టుల పల్సులు ఉంటాయి, మామూలు మల్టీమీటర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

కారు టాకోమీటర్ ఇంట్లో ఉంది. దాన్నే వాడవచ్చా?

లెక్క కుదిరితే వాడవచ్చు గానీ సలహా ఇవ్వలేము. కారు మీటరులో ఉండే 4, 6, 8 సిలిండర్ల స్విచ్చు ఇంజిన్ ఒక చుట్టుకు 2, 3, 4 పల్సులు వస్తాయని భావించి పనిచేస్తుంది. చుట్టుకు ఒక పల్సు ఇచ్చే బండికి దాన్ని 4 మీద పెట్టి కలిపితే అసలు వేగంలో సగమే చూపుతుంది. పైగా కారు డ్యాష్‌బోర్డు లోపల ఉండే వస్తువు వానను, హ్యాండిల్ వణుకును తట్టుకొనేలా తయారుకాదు.

డయల్ మీద ఎంతవరకు అంకెలుండాలి?

ఇంజిన్ రెడ్‌లైన్ (దాటకూడని గరిష్ఠ వేగం) కంటే కొంచెం ఎక్కువ వరకు ఉంటే చాలు. 7,000 దాటని ఇంజిన్‌కు 13,000 డయల్ పెడితే సూది సగం డయల్‌లోనే తిరుగుతుంది, చిన్న తేడాలు కంటికి ఆనవు.

## బిగించే చోటు

మీటరును ఎక్కడ బిగించాలి?

చూపును రోడ్డు మీద నుంచి ఎక్కువగా దించకుండానే కనిపించే చోట. హ్యాండిల్‌కు క్లాంపుతో బిగించడం వాడుక. చాలా హ్యాండిళ్ల మందం 22 మిల్లీమీటర్లు, కొన్నిటిది 25.4, నడుమ లావుగా ఉండే రకానికి నడుమ 28.6 ఉంటుంది కాబట్టి క్లాంపు కొనేముందు కొలుచుకోవాలి. బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా చివరివరకు తిప్పి చూడండి: మీటరు ట్యాంకుకు తగలకూడదు, బ్రేకు హోస్ నలగకూడదు, యాక్సిలరేటర్ కేబుల్ లాగినట్లు కాకూడదు. హ్యాండిల్ తిప్పినప్పుడు ఇంజిన్ వేగం దానంతట అదే పెరిగితే కేబుల్ దారి తప్పిందని అర్థం. ఆ స్థితిలో బండి బయటికి తీయకూడదు. పాత మీటరులోని ఇండికేటర్, న్యూట్రల్, ఆయిల్ దీపాలు కొత్త మీటరు చాటున పడకుండా కూడా చూసుకోవాలి.

సింగిల్ సిలిండర్ బండి, వణుకు ఎక్కువ. మీటరు నిలుస్తుందా?

రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెడితే నిలుస్తుంది. పొరపాటు తరచుగా బ్రాకెట్ దగ్గర జరుగుతుంది: సన్నని రేకుతో చేసిన పొడవాటి బ్రాకెట్ వణుకును తగ్గించకపోగా పెంచుతుంది, చివరకు వంపు దగ్గర విరుగుతుంది. బ్రాకెట్ పొట్టిగా, గట్టిగా ఉండాలి. మెత్తదనం రబ్బరు దగ్గరే ఉండాలి. నట్లు నైలాన్ లాకింగ్ రకం అయితే వదులుకావు. రబ్బరును చదునయ్యేదాకా బిగిస్తే అది ఉన్నా లేనట్లే.

వానలో నీళ్లు వెళ్లకుండా ఏం చేయాలి?

వైర్లు బయటికి వచ్చే రంధ్రం కిందికి ఉండేలా బిగించి, వైరును మీటరు కంటే కిందికి దింపి మళ్లీ పైకి తీసుకువెళ్తే నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. మీటరు వెనుక గాలి ఆడే చిన్న రంధ్రాన్ని సిలికాన్‌తో మూయకండి. లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి అద్దం మసకబారుతుంది.

పాత కేబుల్ మీటరు తీసేశాను. ఇంజిన్ మీద మిగిలిన రంధ్రం సంగతి ఏమిటి?

దాన్ని అలాగే వదిలేస్తే ఆయిల్ కారుతుంది. కొలతకు సరిపోయే బిరడాను ఓ-రింగుతో సహా బిగించండి.

## వైరింగ్

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ విప్పాలా?

తప్పక విప్పాలి, నెగెటివ్ ముందు విప్పి, చివర బిగించాలి. పాజిటివ్ ముందు విప్పబోతే స్పానర్ ఫ్రేముకు తగిలిన మరుక్షణం షార్ట్ అవుతుంది.

మీటరు నుంచి నాలుగైదు వైర్లు వచ్చాయి. ఏది దేనికి?

ఒకటి కీ ఆన్ చేసినప్పుడు కరెంటు రావలసిన పవర్ వైరు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్, ఒకటి వెలుతురు దీపానిది. డిజిటల్ మీటరులో గడియారం, జ్ఞాపకం నిలవడానికి ఎప్పుడూ కరెంటు ఉండవలసిన వైరు ఇంకొకటి ఉండవచ్చు. ఎరుపు పవర్, నలుపు ఎర్త్ కావడం వాడుకే గానీ నియమం కాదు. మిగిలిన రంగులకైతే ఏ వాడుకా లేదు. మీటరుతో వచ్చిన కాగితాన్నే నమ్మాలి, వేరే మీటరు కాగితాన్ని కాదు.

పవర్ ఎక్కడి నుంచి తీసుకోవాలి?

కీ ఆఫ్‌లో సున్నా, ఆన్‌లో బ్యాటరీ వోల్టేజీ చూపే వైరు నుంచి. పాత మీటరుకు వెళ్లే పవర్ వైరు అందుబాటులో ఉంటే అదే సరైనది. కొన్ని బండ్లలో హెడ్‌లైట్, పార్కింగ్ దీపం మ్యాగ్నెటో నుంచి వచ్చే ఏసీ కరెంటుతో వెలుగుతాయి. మీటరును దానికి కలపకూడదు. అటువంటి బండ్లలో హారన్, బ్రేకు దీపం, ఇండికేటర్ల సరఫరా సాధారణంగా డీసీ. ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే పవర్ వైరు నుంచి పాయ తీయడం ఎంత దగ్గరగా, ఎంత సులువుగా అనిపించినా మానుకోండి. అక్కడ విద్యుత్ రొద (మీటరును తికమకపెట్టే అనవసరపు పల్సులు) ఎక్కువ. పైగా మీటరు వైరు ఎక్కడైనా షార్ట్ అయితే ఇంజిన్ కూడా ఆగిపోతుంది. పాయ తీసిన చోటికి దగ్గరలోనే మీటరు కాగితంలో చెప్పిన ఫ్యూజు పెట్టాలి. చెప్పకపోతే 1 ఆంపియర్ చాలు, ఎందుకంటే మీటరు లాగేది అందులో చిన్న భాగమే.

ఎర్త్ వైరును ఏదైనా బోల్టు కింద పెడితే సరిపోదా?

ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి వారం తరువాత మొరాయిస్తుంది. పెయింటు మీద ఎర్త్ అందదు. రబ్బరు మీద కూర్చున్న హ్యాండిల్‌కు ఫ్రేముతో విద్యుత్ సంబంధమే ఉండకపోవచ్చు. స్టీరింగ్ బేరింగుల మీదుగా వచ్చే ఎర్త్ గ్రీజు దయ మీద ఆధారపడుతుంది. హెడ్‌లైట్ గిన్నెలో కనిపించే హార్నెస్ (బండి వైర్ల కట్ట) ఎర్త్‌కు గానీ నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు గానీ కలపండి. ఇంజిన్ నడుస్తుండగా మీటరు ఎర్త్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కొలిస్తే 0.1 వోల్టు కంటే తక్కువ ఉండాలి.

టీసీఐ బండిలో సిగ్నల్ వైరును కాయిల్ ఏ కొనకు కలపాలి?

నిలకడగా 12 వోల్టులు వచ్చే కొనకు కాదు, బాక్సు ఎర్త్ చేసి విడిచే రెండో కొనకు. బాక్సు ఆ కొనను విడిచిన క్షణంలో కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కూలిపోయి, 12 వోల్టుల సరఫరాతోనే అక్కడ వందల వోల్టుల పల్సు లేస్తుంది. మీటరు లెక్కపెట్టేది దాన్నే. ఈ వైరు ఎక్కడైనా ఒలిచుకుపోయి ఫ్రేముకు తగిలితే కాయిల్ ఎర్త్ అయి, స్పార్క్ ఆగి, నడుస్తున్న బండి నిలిచిపోతుంది. అందుచేత మీటరు తయారీదారు అనుమతిస్తే 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను మీటరు వైపు కాకుండా కాయిల్ వైపు చివర కలపడం తెలివైన పని: ఆ తరువాతి వైరు షార్ట్ అయినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, పల్సు మీద ఉండే రొద కూడా కొంత తగ్గుతుంది.

సీడీఐ బండిలో కూడా కాయిల్‌కే కలపవచ్చా?

మీటరు కాగితంలో సీడీఐకి సరిపోతుందని స్పష్టంగా ఉంటే తప్ప కలపకండి. సీడీఐలో కెపాసిటర్‌ను 200 నుంచి 400 వోల్టుల దాకా నింపి ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతారు. పల్సు తీరు టీసీఐ పల్సుకు భిన్నంగా ఉండటం వల్ల దానికోసం తయారైన మీటరు తప్పుగా చదవవచ్చు, లేదా మాడిపోవచ్చు. స్పార్క్ ప్లగ్ వైరుకు బయటినుంచి చుట్టే పికప్ ఉన్న మీటరు సీడీఐ బండికి నిశ్చింతైన మార్గం. కొన్ని సీడీఐ బాక్సులకు టాకోమీటర్ కోసమే ప్రత్యేక పిన్ను ఉంటుంది. సర్వీస్ మాన్యువల్‌లో అది కనిపిస్తే వేరే ఆలోచన అక్కరలేదు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. ఈసీయూ (ఇంజిన్‌ను అదుపు చేసే చిన్న కంప్యూటర్) వైర్లు ముట్టుకోవచ్చా?

ఏ వైరు ఏమిటో పటంలో చూడకుండా ముట్టుకోకూడదు. ఈసీయూలో టాకోమీటర్ అవుట్‌పుట్ పిన్ను ఉంటే అది శుభ్రమైన పల్సు ఇస్తుంది. లేకపోతే కాయిల్ నుంచి తీసుకోవాలి. క్రాంక్ సెన్సార్ వైరు నుంచి సిగ్నల్ తీయమని చెప్పేవారు ఉన్నారు. ఆ సలహా పాటించకండి. అది బలహీనమైన సిగ్నల్, మీటరు భారం దాని మీద పడితే ఈసీయూ లెక్క తప్పి ఇంజిన్ మిస్ కావచ్చు లేదా అసలు స్టార్ట్ కాకపోవచ్చు. వైర్లు వెతకడానికి బల్బు టెస్టర్ వాడటం కూడా ప్రమాదమే, బల్బు లాగే కరెంటుకు ఈసీయూలోని ట్రాన్సిస్టర్ పోవచ్చు.

సిగ్నల్ వైరును స్పార్క్ ప్లగ్ వైరుకు చుడితే చాలంటారు. నిజమేనా?

ఆ పద్ధతికి తయారైన మీటరుకు నిజమే. వైరు చివర ఒలవకుండా, ఇన్సులేషన్‌తో సహా, ప్లగ్ వైరు చుట్టూ నాలుగైదు చుట్లు బిగువుగా చుట్టి, కొనను దేనికీ కలపకుండా టేపు వేసి వదలాలి. మీటరు అంకె తడబడితే చుట్లు ఒకటి పెంచాలి, ఉన్నట్టుండి రెట్టింపు చూపితే ఒకటి తగ్గించాలి. ప్లగ్ వైరులో వేల వోల్టులు ఉంటాయి కాబట్టి ఈ సర్దుబాట్లు ఇంజిన్ ఆపాకే చేయాలి, చుట్టిన చోటు ఫ్రేముకు తగలకూడదు. ప్లగ్ మీదే కాయిల్ కూర్చొని ఉండే ఇంజిన్లలో చుట్టడానికి వైరే ఉండదు.

హార్నెస్ వైర్లకు పాయ ఎలా కలపాలి?

బండి హార్నెస్‌ను కోయకుండా, మధ్యలో ఇమిడే అడాప్టర్ కనెక్టర్ దొరికితే అదే ఉత్తమం. రేపు మీటరు తీసేసినా గుర్తు మిగలదు, వారంటీ విషయంలో మాట పడే అవకాశమూ తక్కువ. లేకపోతే మంచి క్రింపింగ్ టూలుతో బుల్లెట్ కనెక్టర్లు, లేదా సోల్డర్ చేసి పైన హీట్ ష్రింక్ గొట్టం. సోల్డర్ పట్టిన చోట వైరు బిరుసెక్కి, వణుకుకు దాని అంచు దగ్గరే తెగుతుంది, కాబట్టి ఆ భాగాన్ని కదలకుండా కట్టేయాలి. వైరు మీద పెట్టి ప్లయర్‌తో నొక్కే స్నాప్ కనెక్టర్లు మోటార్‌సైకిల్‌కు తగినవి కావు. వాటి రేకు సన్నని తంతువులను కోస్తుంది, లోపలికి చేరిన తేమ మిగతా వాటిని తినేస్తుంది. మీటరు వైర్లకు 0.5 చదరపు మిల్లీమీటర్ల మందం చాలు. సిగ్నల్ వైరును స్పార్క్ ప్లగ్ వైరు పక్కనే పరుగెత్తించకండి. స్టీరింగ్ మెడ దగ్గర అన్ని వైర్లకూ కొంత వదులు ఉంచండి.

## సెట్టింగ్

చుట్టుకు ఎన్ని పల్సులని పెట్టాలి? సిలిండర్లు ఎన్నో, స్ట్రోకులు ఎన్నో చూస్తే చాలదా?

చాలదు. చూడవలసింది సిగ్నల్ తీసుకున్న ఆ ఒక్క కాయిల్ ఇంజిన్ ఒక చుట్టులో ఎన్నిసార్లు స్పార్క్ ఇస్తుందన్నది. టూ స్ట్రోక్ సింగిల్ సిలిండర్‌కు చుట్టుకు ఒకటి. ఫోర్ స్ట్రోక్ సింగిల్‌కు సిద్ధాంతప్రకారం రెండు చుట్లకు ఒక స్పార్క్ చాలు గానీ, స్పార్క్ సమయాన్ని పసిగట్టే పికప్ మ్యాగ్నెటో మీద ఉండే ఇంజిన్లలో ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర కూడా ఒక అనవసరపు స్పార్క్ పడుతుంది. అందువల్ల అక్కడ కూడా చుట్టుకు ఒకటే లెక్క. ఈసీయూ ఉన్న కొన్ని సింగిల్స్‌లో ఆ అనవసరపు స్పార్క్ ఉండదు, వాటికి 0.5 పెట్టాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు కాయిళ్లు ఉండి ఒక్కొక్కటి రెండు ప్లగ్గులను కలిపి మండిస్తుంటే ఒక కాయిల్ నుంచి చుట్టుకు ఒకటి వస్తుంది. ప్లగ్గుకొక కాయిల్ ఉండి వంతులవారీగా మండిస్తుంటే 0.5 వస్తుంది. కొన్ని మీటర్లలో ఇది సిలిండర్ల సంఖ్యగా, మరికొన్నిటిలో స్ట్రోకు గుర్తుగా రాసి ఉంటుంది. గుర్తు ఏదైనా దాని వెనుక ఉన్న పల్సుల సంఖ్యను కాగితంలో వెతికి పట్టుకోండి.

సరిగ్గా చూపుతోందని ఎలా నిర్ధారించుకోవాలి?

ఇంజిన్ వేడెక్కాక ఐడిల్ అంకెను సర్వీస్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. మాన్యువల్ 1,400 అంటుండగా మీటరు 700 గానీ 2,800 గానీ చూపితే ఐడిల్ స్క్రూ జోలికి పోకండి, తప్పు పల్సుల సెట్టింగులో ఉంది. ఇంతకంటే కచ్చితంగా చూడాలంటే పల్సుల ఫ్రీక్వెన్సీని 60తో గుణించి చుట్టుకు వచ్చే పల్సులతో భాగిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి: చుట్టుకు ఒక పల్సు ఉన్నప్పుడు 50 హెర్ట్‌జ్ అంటే 3,000. ఆ ఫ్రీక్వెన్సీని కొలవడానికి కాయిల్ పల్సులను తట్టుకొనే పరికరమే వాడాలి.

షిఫ్ట్ లైట్‌ను (గేరు మార్చమని గుర్తుచేసే దీపాన్ని) ఎంతకు పెట్టాలి?

రెడ్‌లైన్‌కు కాస్త ముందు. దీపం వెలిగినప్పటి నుంచి చెయ్యి, కాలు కదిలేలోపు ఇంజిన్ ఇంకా వేగం పుంజుకుంటుంది. కింది గేర్లలో అది మరీ త్వరగా జరుగుతుంది.

## బిగించిన తరువాత వచ్చే ఇబ్బందులు

దీపం వెలుగుతోంది గానీ సూది కదలడం లేదు. ఎందుకు?

దీపానికి వేరే వైరు ఉన్న మీటరులో అది వెలిగినంత మాత్రాన అసలు మీటరుకు పవర్ వచ్చినట్లు కాదు, కాబట్టి ముందు పవర్, ఎర్త్ కొలవండి. కీ ఆన్ చేయగానే సూది ఒకసారి చివరిదాకా వెళ్లి వచ్చే రకమైతే, అలా వెళ్లి వచ్చిందంటే లోపం సిగ్నల్‌లోనే. కాయిల్ తప్పుడు కొనకు కలపడం, మీటరు ఇగ్నిషన్ రకానికి సరిపడకపోవడం తరచుగా కనిపించే కారణాలు.

ఐడిల్‌లో బాగుంది, వేగం పెరిగితే సూది పిచ్చిగా ఊగుతోంది. ఏం చేయాలి?

స్పార్క్ రొద సిగ్నల్‌లోకి చొరబడుతోంది. ముందుగా స్పార్క్ ప్లగ్ చూడండి: చాలా ప్లగ్గుల సంఖ్యలో ఉండే ఆర్ అనే అక్షరం లోపల రెసిస్టర్ ఉందని సూచిస్తుంది. ప్లగ్గులోనూ క్యాపులోనూ రెసిస్టర్ లేకపోతే మీటరును ఎన్ని విధాలుగా సర్దినా ఫలితం ఉండదు; 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉన్న క్యాపు పెడితే ఒక్కోసారి అక్కడితో సమస్య తీరుతుంది. ఆ తరువాత సిగ్నల్ వైరు దారి మార్చడం, షీల్డు ఉన్న వైరు వాడి షీల్డును ఒక చివర మాత్రమే ఎర్త్ చేయడం. సూది ఊగడం ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే ఉంటే అది విద్యుత్ దోషం కాకపోవచ్చు, బ్రాకెట్ ఆ వేగంలో వణుకుతోందేమో చేత్తో పట్టుకొని చూడండి.

సిగ్నల్ వైరు కలిపితే ఇంజిన్ స్టార్ట్ కావడం లేదు, తీసేస్తే అవుతోంది. మీటరు చెడిపోయిందా?

మీటరు కంటే ముందు వైరును అనుమానించండి. వైరు ఎక్కడో ఎర్త్‌కు తగిలితే స్పార్క్ పుట్టదు. మీటరు వైపు విప్పి, కాయిల్ వైపు కలిపి ఉంచి చూసినా స్టార్ట్ కాకపోతే లోపం వైరులోనే. స్టార్ట్ అయితే సిగ్నల్, ఎర్త్ వైర్లు మీటరు దగ్గర తారుమారయ్యాయేమో చూసి, అప్పుడు మీటరును అనుమానించాలి.

కీ ఆఫ్ చేసినా సూది మధ్యలోనే నిలబడుతోంది. ఇది లోపమా?

కాదు. కొన్ని రకాల మీటర్లలో సూదిని సున్నాకు లాగే స్ప్రింగు ఉండదు. కరెంటు పోయినప్పుడు అది ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది. కీ ఆన్ చేయగానే సరైన చోటికి వస్తే చాలు.

సెల్ఫ్ కొట్టినప్పుడు డిజిటల్ మీటరు ఆరి మళ్లీ వెలుగుతోంది.

స్టార్టర్ మోటారు లాగే కరెంటుకు బ్యాటరీ వోల్టేజీ క్షణకాలం 10 చుట్టుపక్కలకు పడిపోవచ్చు. మీటరు ఆ క్షణం ఆరిపోతుంది. అప్పుడప్పుడూ అయితే పట్టించుకోనక్కరలేదు, ప్రతిసారీ అవుతుంటే బ్యాటరీని లోడు పెట్టి పరీక్షించాలి.

రెండు రోజులు నిలిపితే బ్యాటరీ దిగిపోతోంది. మీటరే కారణమా?

కీ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, దానికీ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌ను ఆంపియర్ల స్థానంలో పెట్టి కొలవండి. ఆ సమయంలో కీ తిప్పడం, సెల్ఫ్ నొక్కడం చేయకూడదు. మీటరు ఫ్యూజు తీయగానే అంకె బాగా పడిపోతే మీటరే లాగుతోంది. పవర్ వైరును ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలపడం దీనికి మామూలు కారణం. గడియారం కోసం ఎప్పుడూ కరెంటు కావలసిన మీటరైతే కొన్ని మిల్లీఆంపియర్లు పోవడం సహజం. దానితో మంచి బ్యాటరీ రెండు రోజులలో దిగదు, దిగిందంటే బ్యాటరీయే బలహీనపడింది.

ఇండికేటర్ వేసినప్పుడల్లా సూది దానితో పాటు కొట్టుకుంటోంది.

ఇండికేటరూ మీటరూ ఒకే బలహీనమైన ఎర్త్‌ను పంచుకుంటున్నాయి. మీటరు ఎర్త్‌ను అక్కడ విప్పి బ్యాటరీ నెగెటివ్‌కు విడిగా వైరు వేయండి. అయినా కొట్టుకుంటుంటే పవర్ వైరు ఇండికేటర్ ఫ్లాషర్ తరువాతి వైరుకు కలిసిందేమో చూసి, ఫ్లాషర్‌కు ముందున్న వైరుకు మార్చండి.